మూడు బేరింగులు మార్చినా మళ్ళీ అదే హోరు: నాలుగోది కొనే ముందు చూడాల్సినవి

ముందుగా మీరు రాసిన వివరాలు ఒకసారి చెప్పుకుందాం, సగం జవాబు వాటిలోనే ఉంది. మీది 2010 మోడల్ స్విఫ్ట్, పెట్రోలు. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. అనంతపురం నుంచి తాడిపత్రికి వారంలో నాలుగైదు సార్లు వెళ్ళొస్తారు. వేగం 50 దాటితే ముందు ఎడమ చక్రం దగ్గర హోరు మొదలవుతుంది. స్టీరింగ్ కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే కాస్త తగ్గుతుంది. ఏడాదిన్నరలో ఆ చక్రానికి మూడుసార్లు బేరింగ్ మార్పించారు. మార్చిన ప్రతిసారీ రెండు మూడు నెలలు బండి నిశ్శబ్దంగా ఉండి, మళ్ళీ మొదలవుతోంది. కుడివైపుది మాత్రం బండితో వచ్చిన బేరింగే, ఇప్పటికీ బాగుంది. రెండేళ్ల కిందట అల్లాయ్ చక్రాలు, కాస్త వెడల్పాటి టైర్లు వేయించారు. మెకానిక్ ఈసారి కూడా బేరింగే పోయిందంటున్నాడు. నాలుగోది వేయించాలా, ఇంకేదైనా ఉందా అని అడిగారు.

ఇప్పుడే వేయించకండి. బేరింగ్ పోయిన మాట నిజమే అయ్యుంటుంది, మీ మెకానిక్ ఆ విషయంలో తప్పు చెప్పడం లేదు. కానీ మొదటి బేరింగ్ లక్ష కిలోమీటర్లు దాటాక వయసైపోయి పోయింది. ఆ తర్వాత వేసినవి నెలల్లో పోతున్నాయంటే లోపం అది కూర్చునే చోట ఉండాలి, లేదా దాన్ని కూర్చోబెట్టే పద్ధతిలో ఉండాలి. ఆ చోటు కొలవకుండా ఎంత ఖరీదైన బేరింగ్ తెచ్చి వేసినా మళ్ళీ రెండు మూడు నెలలే.

ఇలా ఎందుకు అంటున్నానో చెప్తాను. బేరింగ్ మార్చగానే హోరు పూర్తిగా ఆగిందన్నారు. అసలు బేరింగే కారణం కాకపోతే, మార్చిన రోజు కూడా ఆ శబ్దం అలాగే ఉండాలి. కాబట్టి శబ్దం అక్కడిదే. ఇక అల్లాయ్‌లు, వెడల్పు టైర్లు రెండు వైపులా ఉన్నాయి. అదే రోడ్డు, అదే ఎండ, అదే దుమ్ము రెండు చక్రాలకూ ఉన్నాయి. అయినా కుడివైపు పాత బేరింగ్ నిక్షేపంగా ఉంది. అంటే ఎడమవైపు మాత్రమే ఉన్న కారణాన్ని మనం వెతకాలి.

ఒక్క మెలిక ఉంది. బేరింగ్ మార్చిన రోజే టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చారా? అలైన్‌మెంట్ చేయించారా? అలా చేసి ఉంటే, హోరు తగ్గింది బేరింగ్ వల్లో టైరు స్థానం మారడం వల్లో చెప్పలేం. టైరు శబ్దం బేరింగ్ శబ్దంలాగే ఉంటుంది, అనుభవం ఉన్నవాళ్ళు కూడా మోసపోతారు. అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక పూట నిర్ధారణకు పెట్టండి.

పొద్దున్నే ట్రాఫిక్ తక్కువగా ఉన్నప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీదికి బండి తీసుకెళ్ళండి. అద్దాలు ఎక్కించి, ఏసీ, పాటలు ఆపేయండి. వేగం 60 - 70 దగ్గర హోరు బాగా వినబడుతున్నప్పుడు ఎక్సలేటర్ వదిలి న్యూట్రల్‌లోకి తెండి. ఇంజన్ మాత్రం ఆపకండి, ఆపితే పవర్ స్టీరింగ్, బ్రేకు బూస్టరు పనిచేయవు. ఇంజన్ వేగం పడిపోయినా హోరు అలాగే ఉండి, బండి వేగంతో పాటే మెల్లగా తగ్గితే అది చక్రానిదే. ఎక్సలేటర్ తొక్కితే ఒక రకంగా, వదిలితే ఇంకో రకంగా మారుతుంటే గేర్‌బాక్స్ లోపలి బేరింగునో డిఫరెన్షియల్‌నో అనుమానించాలి. రోడ్డు మారినప్పుడు చెవి పెట్టి వినండి. కొత్తగా తారు వేసిన నున్నటి చోట శబ్దం బాగా తగ్గి, గరుకు రోడ్డు మీద పెరిగితే టైరు. బేరింగ్ హోరుకు రోడ్డుతో పెద్దగా పని లేదు, అది వేగాన్ని బట్టే నడుస్తుంది.

కుడికి తిప్పితే పెరుగుతుందన్నారు. బండి కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి వాలుతుంది కాబట్టి అది ఎడమవైపు బేరింగ్‌కే సరిపోతుంది. అయితే ఈ ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకండి. ఈ బేరింగుల్లో బాల్స్ రెండు వరుసల్లో ఉంటాయి. ఏ వరుస దెబ్బతిందో దాన్నిబట్టి శబ్దం తిరగబడి వినిపించే సందర్భాలూ ఉన్నాయి. పైగా శబ్దం బాడీ రేకు గుండా ప్రయాణిస్తుంది. వెనక ఎడమ చక్రం బేరింగ్ పోతే ముందు సీట్లో కూర్చున్నవాడికి అది ముందునుంచి వచ్చినట్టే ఉంటుంది. మూడుసార్లు ముందుది మార్చారు కదా, వెనక ఎడమ చక్రాన్ని ఎవరైనా లేపి తిప్పి చూశారా? చూడకపోతే ముందు అది చూడండి.

టైరు సంగతి తేల్చడానికి పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు. అరచేతిని టైరు ట్రెడ్ మీద తిరిగే దిశలో ఒకసారి, ఎదురు దిశలో ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, ఎదురు దిశలో రంపం పళ్ళలా గీసుకుంటే టైరు అరుగుదల పాడైంది. అక్కడక్కడ గుంటలు పడ్డట్టు అరిగితే షాక్ అబ్జార్బర్ నీరసించిందని అర్థం. ముందు టైర్లు వెనక్కి మార్చి ఒక రోజు నడపండి. శబ్దం వెనక్కి వెళ్తే మీ మూడు బేరింగుల కథ వేరేగా చదవాలి.

ఇక జాకీ పని. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు భాగాన్ని లేపి కింద స్టాండ్లు పెట్టండి. ఉత్త జాకీ మీద ఉన్న బండి దగ్గర కూర్చుని పని చేయొద్దు, ఇది మీకూ మీ మెకానిక్‌కూ కూడా చెప్తున్నాను. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేతి రెండు వేళ్ళతో కాయిల్ స్ప్రింగ్‌ను తేలిగ్గా పట్టుకోండి. ఇంకో చేత్తో చక్రాన్ని తిప్పండి. బేరింగ్ బాగుంటే స్ప్రింగ్‌లో ఏమీ తెలియదు. లోపల బాల్స్ దొర్లే దారి మీద పొర లేచి ఉంటే చెవికి ఇంకా వినబడకముందే వేళ్ళకు సన్నటి గరగర తగులుతుంది. ఆ వెంటనే కుడివైపు వెళ్ళి అదే పని చేయండి. మీ దగ్గర బాగున్న బేరింగ్ ఒకటి ఉంది, దానితో పోల్చుకోవడం కన్నా మంచి పరీక్ష లేదు. ముందు చక్రం తిప్పుతుంటే డ్రైవ్ షాఫ్ట్, గేర్‌బాక్స్ కూడా తిరుగుతాయి కాబట్టి కొంచెం బరువుగా ఉండటం మామూలే. రెండు వైపులా తేడా ఎంత అన్నదే చూడాలి.

చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. కదలిక తెలిస్తే లోపల ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కమని చెప్పి మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక మాయమైతే అది బేరింగ్ ప్లే. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటో, పైన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఉండే భాగం) మౌంటో చూడాలి. అడ్డంగా పట్టుకుని ఊపినప్పుడే కదిలితే ముందు టై రాడ్ ఎండ్ చూడండి. ఒక్క మాట, ప్లే లేదు కాబట్టి బేరింగ్ బాగుందని అనుకోవద్దు. హోరు పెట్టే బేరింగుల్లో చాలావాటికి మొదట్లో ప్లే ఉండదు. ప్లే వచ్చిందంటే చివరి దశ, ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు పోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టకటక కొడుతుంది, దాన్ని హోరుతో కలిపి గందరగోళపడక్కర్లేదు. బ్రేకు డిస్కు వెనకున్న రేకులో చిన్న రాయి ఇరుక్కుంటే కీచుమని గీస్తుంది. మన తాడిపత్రి రోడ్డు మీద బండల లారీల నుంచి రాలే కంకర వల్ల ఇది తరచూ జరుగుతుంది, రేకు కొంచెం వంచితే పోతుంది.

ఇంతవరకూ చేసి ఎడమ ముందు బేరింగే అని తేలిందనుకుందాం. తేలుతుందనే నా నమ్మకం. ఇప్పుడు అసలు పని.

పాత బేరింగ్ పారేయనివ్వకండి. ఈ మాట మీ మెకానిక్‌కు పని మొదలుపెట్టకముందే చెప్పండి, ఎందుకంటే విప్పిన వెంటనే అది స్క్రాప్ డబ్బాలో పడిపోతుంది. గతంలో తీసిన మూడూ ఎక్కడైనా దొరికితే ఇంకా మంచిది. దాని సీలు తీసి, లోపలి రింగులు విడదీసి, కిరోసిన్‌లో గ్రీజంతా పోయేదాకా కడిగి, తెల్లగుడ్డ మీద పెట్టి ఎండలో చూడండి. బాల్స్ దొర్లే దారి అద్దంలా మెరుస్తూ ఉండాలి. ఎందుకు చచ్చిందో ఆ దారి మీదే రాసి ఉంటుంది.

దారి పొడవునా ఒకే దూరంలో, బాల్స్ మధ్య ఎంత ఎడం ఉంటుందో అంతే ఎడంతో చిన్న చిన్న గుంటలు కనబడితే అది వేసేటప్పుడే దెబ్బ తిన్నది. సుత్తితో కొట్టి ఎక్కించినా, ప్రెస్‌లో తప్పు రింగు మీద బలం పెట్టినా, ఆ బలమంతా బాల్స్ గుండా పోయి ఉక్కు మీద అచ్చులు పడతాయి. ఆ రోజు బండి నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆ అచ్చుల అంచుల దగ్గర ఉక్కు అలిసి పొరలుగా లేవడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది. మీ రెండు మూడు నెలల లెక్క దీనికి బాగా సరిపోతోంది.

దారి అంతా బాగుండి ఒకవైపే, ఒకే చోట పొర లేచిపోయి ఉంటే బేరింగ్ వంకరగా కూర్చుందని, లేదా నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మ) రంధ్రం గుండ్రం తప్పి ఒకచోట రింగును నొక్కుతోందని అర్థం. గ్రీజు పాలరంగులోకి మారి, ఎర్రటి తుప్పు మరకలుంటే నీళ్ళు దూరాయి. నీలం రంగు తిరిగి ఉంటే విపరీతమైన వేడి చూసింది. దారి మీద అడ్డంగా, దగ్గర దగ్గరగా సన్నటి చారలు వరుసగా ఉంటే బేరింగ్ గుండా కరెంటు పోయింది. ఇది చాలామందికి తెలియదు. బంపర్ గార్డుకో సైలెన్సర్ బ్రాకెట్‌కో వెల్డింగ్ చేసేటప్పుడు, ఎర్తు క్లిప్పును వెల్డింగ్ చోటికి దగ్గరగా కాకుండా ఏ చక్రం దగ్గరో తగిలిస్తే కరెంటు బాల్స్ గుండా దారి వెతుక్కుంటుంది. ఈ ఏడాదిన్నరలో బండికి ఏదైనా వెల్డింగ్ పని చేయించారేమో గుర్తు చేసుకోండి.

బయటి రింగు బయటి ముఖం చూడటం మర్చిపోవద్దు. నకిల్‌లో గట్టిగా కూర్చున్న రింగు మీద ప్రెస్ చేసిన నిలువు గీతలే ఉంటాయి. చుట్టూ మెరుగు పెట్టినట్టు నిగనిగలాడుతున్నా, గోధుమరంగు పొడి పట్టి ఉన్నా రింగు లోపల తిరుగుతోంది. మీ విషయంలో నా మొదటి అనుమానం ఇక్కడే. మూడుసార్లు ఒకే రంధ్రంలోంచి బేరింగ్ ఊడదీసి, మూడుసార్లు ఎక్కించారు. ప్రతిసారీ ఆ రంధ్రం గోడ కొంచెం గీసుకుపోతుంది. బేరింగ్‌కూ రంధ్రానికీ మధ్య ఉండాల్సిన బిగువు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది, అది పోవడానికి ఎంతో అరగక్కర్లేదు.

దీన్ని కంటితో తేల్చలేం. నకిల్‌ను శుభ్రంగా కడిగి, బోర్ గేజ్, మైక్రోమీటర్ ఉన్న మంచి లేత్ షాపుకు తీసుకెళ్ళండి. రంధ్రాన్ని పై అంచు దగ్గర, మధ్యలో, లోపలి అంచు దగ్గర, ఒక్కోచోట అడ్డంగా, నిలువుగా కొలవమనండి. కొత్త బేరింగ్ బయటి వ్యాసం కూడా కొలవమనండి. రంధ్రం అన్ని చోట్లా బేరింగ్ కన్నా కొద్దిగా చిన్నదిగా, అన్ని కొలతలూ దాదాపు ఒకేలా ఉండాలి. కొలిచే సాధనం లేకపోయినా ఒక సంగతి మాత్రం తేలిపోతుంది. కొత్త బేరింగ్ చేత్తో తోస్తే లోపలికి జారినా, రెండు సుత్తి దెబ్బలకే దిగిపోయినా ఆ నకిల్ ఇక పనికిరాదు.

అప్పుడు కొందరు రంధ్రం లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు తెస్తారు. పల్చటి రేకు ముక్క చుట్టి ఎక్కిస్తారు. ఒప్పుకోకండి. చుక్కల మొనల మీద మాత్రమే ఆనిన రింగు బరువు పడగానే అక్కడక్కడ వంగుతుంది, దాని లోపల బాల్స్ దారి కూడా వంగుతుంది. ఊరు చేరడానికి గతిలేక చేసే పనిని రిపేరు అని బిల్లు వేయకూడదు. నకిల్ మార్చండి. కొత్తది బేరింగ్ కన్నా ఖరీదే. స్క్రాప్ మార్కెట్లో మంచిది దొరుకుతుంది, కానీ ఎడమవైపుదేనా, ఏబీఎస్ సెన్సర్ రంధ్రం మీ బండికి సరిపోతుందా, రంధ్రం కొలత బాగుందా చూసుకునే డబ్బు కట్టండి.

నకిల్ కొలత సరిగ్గా ఉంటే అనుమానం హబ్ (బేరింగ్‌లో కూర్చుని చక్రంతో పాటు తిరిగే భాగం) మీదికి వెళ్తుంది. పాత బేరింగ్‌లోంచి హబ్‌ను ప్రెస్‌తో బయటికి తోసినప్పుడు లోపలి రింగు సగం హబ్ మీదే ఉండిపోతుంది. దాన్ని పుల్లర్‌తో తీయాలి. పుల్లర్ లేనిచోట గ్రైండర్‌తో కోసి ఉలితో కొడతారు. కోసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ దిగితే హబ్ మెడ మీద గాటు పడుతుంది. గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి తీసిన హబ్ ఇంకా ప్రమాదం, ఉక్కు పదును పోతుంది. ఆ మెడ మీద గోరు పెట్టి రాసి చూడండి. గోరుకు ఏదైనా తగిలితే కొత్త రింగు అక్కడ సమంగా కూర్చోదు.

హబ్ ముఖం వంగి ఉండే అవకాశం కూడా ఉంది. ముందు ఎడమ చక్రం ఎప్పుడైనా పెద్ద గుంతలో గట్టిగా పడిందా? మన రోడ్ల మీద ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలే తారు అంచు దిగి మట్టిలో పడతాయి, మళ్ళీ ఆ అంచు ఎక్కుతాయి. ఎడమవైపు దెబ్బలు ఎక్కువ తినడానికి ఇదో పెద్ద కారణం. హబ్ కొత్త బేరింగ్‌లో కూర్చున్నాక డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడమనండి. ముఖం ఊగిసలాట సాధారణంగా 0.05 మిల్లీమీటరు లోపు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే హబ్ మార్చక తప్పదు. మీరు నా సలహా అడిగితే, మూడుసార్లు ఊడదీసిన హబ్‌ను కొలతలతో పని లేకుండానే ఈసారి కొత్త బేరింగ్‌తో పాటు మార్చేయండి.

ఇప్పుడు వేసే పద్ధతి. మెకానిక్ పక్కన నిలబడి చూడదగ్గ పని ఇది. నకిల్‌ను బండి మీదే ఉంచి సుత్తి, గొట్టంతో కొట్టే చోట చేయించకండి. నకిల్ విప్పి హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికి తీసుకెళ్ళాలి. బేరింగ్‌ను నకిల్‌లోకి నెట్టేటప్పుడు బలం బయటి రింగు మీద మాత్రమే పడాలి. దానికి సరైన కొలత ఉన్న కాలర్ కావాలి. కాలర్ లేకపోతే పాత బేరింగ్ బయటి రింగునే వాడుకోవచ్చు, కానీ దానికి గ్రైండర్‌తో అడ్డంగా ఒక చీలిక పెట్టాలి, లేకపోతే అది కూడా లోపల ఇరుక్కుపోతుంది. బేరింగ్ చివరిదాకా దిగాక, అది బయటికి జరగకుండా ఆపే సర్‌క్లిప్ గాడిలో చుట్టూ పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి.

తర్వాత హబ్ ఎక్కించడం. ఎక్కువ బేరింగులు చచ్చేది ఈ దశలోనే. హబ్‌ను పైనుంచి నెట్టేటప్పుడు కింద ఆధారం లోపలి రింగుకు ఉండాలి. చాలాచోట్ల నకిల్‌ను ప్రెస్ బల్ల మీద ఆనించి హబ్‌ను తోసేస్తారు. అప్పుడు పైనున్న బలం లోపలి రింగులోకి, అక్కడినుంచి బాల్స్‌లోకి, బాల్స్‌నుంచి బయటి రింగులోకి పోతుంది. ఇందాక చెప్పిన అచ్చులు పడేది సరిగ్గా ఈ క్షణంలో. కింద లోపలి రింగుకు సరిపోయే గొట్టం ముక్క ఒకటి ఆధారంగా పెడితే బాల్స్ మీద ఏ బలమూ పడదు. పని చేసే మనిషిని ముందే అడగండి, "అన్నా, హబ్ నెట్టేటప్పుడు కింద ఏ రింగుకు ఆధారం పెడతావు?" అని. ఆలోచించకుండా "లోపలి రింగుకు" అన్నాడంటే నిశ్చింతగా పని అప్పగించండి.

మీ బండికి ఏబీఎస్ ఉంటే బేరింగ్ ఒకవైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉండే రకం కావచ్చు. అది సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే డాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ ఊడదీయాలి, ఊడదీస్తే ఆ బేరింగ్ పనైపోయినట్టే. ప్రెస్ నుంచి ఒకసారి తీసిన బేరింగ్‌ను రెండోసారి వేయకూడదు.

యాక్సిల్ నట్టు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ దాన్ని ఉత్త నట్టుగానే చూస్తారు. ఈ రకం బేరింగ్‌లో లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెండు ముక్కల్నీ దగ్గరగా నొక్కి పట్టి, బాల్స్ మీద ఉండాల్సిన బిగువు తెచ్చేది ఆ నట్టే. తక్కువ బిగిస్తే రింగులు విడిపోయి ప్లే వస్తుంది. ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు కొడితే ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు, గన్ దెబ్బలు బాల్స్‌కూ తగులుతాయి. టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చిన్న కార్లలో ఈ టార్క్ దాదాపు 170 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె ఖచ్చితంగా చూసి అదే పెట్టండి. ప్రతిసారీ కొత్త నట్టు వేసి, బిగించాక దాని అంచును షాఫ్ట్ గాడిలోకి దిగేలా కొట్టాలి.

ఇంకో జాగ్రత్త. నట్టు పూర్తిగా బిగించకుండా చక్రాన్ని నేల మీద ఆనించకూడదు, బండిని తోయకూడదు. విడిగా ఉన్న రింగుల మీద బండి బరువు పడితే కొత్త బేరింగ్ అక్కడికక్కడే దెబ్బతింటుంది. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే చక్రం గాల్లో ఉండగానే నట్టు బిగించుకోవచ్చు. గ్యారేజీలో జాగా కోసం సగం బిగించిన బండిని పక్కకు తోసేయడం నేను చాలాచోట్ల చూశాను. మీ బండికి ఆ పని జరిగిందో లేదో కనుక్కోండి.

పాత బండ్లలో, కొన్నిటి వెనక చక్రాలకు, టేపర్ బేరింగులుంటాయి. వాటి లెక్క వేరు. చక్రం తిప్పుతూ బిగించి, వదులు చేసి, మళ్ళీ తేలిగ్గా బిగించి పిన్ను వేయాలి, గ్రీజు నింపాలి. ఇది చదివి ఎవరూ స్విఫ్ట్ ముందు బేరింగ్ సీలు లేపి గ్రీజు కుక్కకండి. సీలు చేసిన బేరింగ్‌లో కంపెనీ నింపిన గ్రీజే దాని జీవితకాలానికి సరిపోతుంది.

మీ అల్లాయ్‌ల విషయం. కారణం అవే కావని పైన చెప్పాను, కానీ వాటిని పూర్తిగా వదిలేయను. చక్రం బయటికి ఎక్కువ పొడుచుకొచ్చే రకమైతే బేరింగ్ మీద వంచే బలం పెరుగుతుంది. ఇప్పటికే బిగువు తప్పిన నకిల్‌లో అది ఇంకా త్వరగా చంపుతుంది. చక్రానికీ హబ్‌కూ మధ్య స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ళలు) వేసి ఉంటే తీసేయండి. కంపెనీ ఇచ్చిన చక్రం ఆఫ్‌సెట్‌కు (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) దగ్గరగా ఉన్న అల్లాయ్‌లే ఉంచుకోండి. చక్రాల బ్యాలెన్సింగ్ కూడా చేయించండి. 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు ఎనిమిది తొమ్మిది సార్లు తిరుగుతుంది, తేడా ఉంటే తిరిగిన ప్రతిసారీ బేరింగ్‌నే తంతుంది.

నీళ్ళ గురించి మన జిల్లాలో ఎవరూ పట్టించుకోరు, వానే తక్కువ కదా అని. కానీ దూరం నడిచి వేడెక్కిన హబ్ ఒక్కసారిగా నీళ్ళలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, సీలు పెదవి పక్కనుంచి నీటిని లోపలికి లాగుతుంది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగినప్పుడు నీళ్ళలో నిలిచిన బండ్లకు ఆ తర్వాతి నెలల్లో బేరింగులు వరసగా పోయాయి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ను నేరుగా హబ్ మధ్యలోకి కొట్టనివ్వకండి, అదీ ఇదే పని చేస్తుంది.

నకిలీ బేరింగ్ అయ్యుండొచ్చా అంటే, అయ్యుండొచ్చు. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు మార్కెట్లో తిరుగుతున్నాయి. డబ్బా మీద కోడ్ స్కాన్ చేసి అసలో నకిలీయో చూసుకోవడానికి ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలు ఫోన్ యాప్ ఇచ్చాయి, దాన్ని వాడండి. బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. కానీ మూడుసార్లూ మూడూ నకిలీలే దొరికాయంటే నాకు నమ్మకం కుదరదు.

కాబట్టి మీరు చేయాల్సిన వరస ఇది. మొదట టైర్లు, వెనక ఎడమ బేరింగ్ చూసి అనుమానం తీర్చుకోండి. ఎడమ నకిల్ మొత్తం విప్పించండి. పాత బేరింగ్ కడిగి చూడండి, రంధ్రం కొలిపించండి. ఆ తర్వాతే బేరింగ్, హబ్, నట్టు, అవసరమైతే నకిల్ కొనండి. నకిల్‌ను స్ట్రట్ నుంచి విప్పితే క్యాంబర్ (చక్రం నిలువుగా ఎంత వాలి ఉందన్న కొలత) కదులుతుంది, బిగించాక అలైన్‌మెంట్ తప్పనిసరి. లేకపోతే టైరు ఒకవైపు అరిగి మళ్ళీ హోరు మొదలవుతుంది, మళ్ళీ బేరింగ్ మీద నింద పడుతుంది.

ఈలోగా బండి వాడొచ్చా అంటే, ప్లే లేకుండా హోరు మాత్రమే ఉంటే ఊళ్ళో మెల్లగా నడపండి, పైన చెప్పిన పరీక్షకు తప్ప హైవే ఎక్కొద్దు. పైన కింద ఊపితే కదులుతున్నా, ఏబీఎస్ లైటు వచ్చిపోతున్నా, స్టీరింగ్ వణుకుతున్నా బండి ఆపేయండి. పోయిన బేరింగ్ వేడెక్కి పట్టేస్తే చక్రం మీ అదుపులో ఉండదు. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని ఆ బండితో తాడిపత్రి దాకా వెళ్ళకండి.

పని పూర్తయ్యాక మొదటి 20 కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు ఎక్కువ వాడకుండా బండి ఆపి, రెండు ముందు హబ్‌ల వేడి పోల్చండి. చెయ్యి నేరుగా పెట్టకండి, డిస్కు కాలుతుంది. వేడి కొలిచే లేజర్ గన్ ఉంటే మంచిది, చాలా టైరు షాపుల్లో ఉంటుంది. ఎడమది కుడిదాని కన్నా బాగా ఎక్కువ వేడిగా ఉంటే ముందు బ్రేకు పట్టుకుని ఉందేమో చూడండి, అది కాకపోతే నట్టు బిగింపు మళ్ళీ చూపించండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చక్రం లేపి, స్ప్రింగ్ మీద వేళ్ళు పెట్టి తిప్పి, పైన కింద ఊపి చూడండి. నెల తర్వాత మళ్ళీ అదే చేయండి. గరగర అప్పుడే తెలిస్తే మూడో నెల దాకా ఆగకుండా వెంటనే విప్పించి, బేరింగ్ దారి ఎండలో చూసి, కనిపించిన గుర్తులు ఫోటో తీసి పంపండి. ఏ గుర్తు దేనిదో చెప్తాను.